తానులిచ్చి మనుషుల్ని కొన్న కాలం

పద్దెనిమిదో శతాబ్దంలో లివర్‌పూల్ రేవు నుంచి బానిస ఓడ బయల్దేరుతుంటే, గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు అందులో ఏ ఘోరమూ కనిపించేది కాదు. కూలీలు ఎక్కిస్తున్నవి బట్టల బేళ్లు, బర్మింగ్‌హామ్ తుపాకులు, స్వీడన్ ఇనుప కడ్డీలు, బ్రిస్టల్‌లో పోత పోసిన ఇత్తడి కడియాలు, సారా పీపాలు, మాల్దీవుల గవ్వలు. వాటితో పాటు కోసి సిద్ధం చేసిన చెక్క పలకలు కూడా. ఆఫ్రికా తీరం చేరి సరుకు దిగిపోయాక, ఆ పలకలనే వడ్రంగి ఓడ కడుపులో అటకలుగా బిగిస్తాడు. మనుషుల్ని పడుకోబెట్టేది వాటి మీదే.

కెప్టెన్ దగ్గర యజమానులు రాసిచ్చిన ఉత్తరం ఉండేది. ఏ రేవులో ఆగాలి, ఎంతమందిని కొనాలి, అందులో మగవాళ్లెందరు, అవతలి గట్టున ఏ దీవిలో అమ్మాలి, తనకొచ్చే కమీషన్ ఎంత అనేవన్నీ అందులోనే. ఓడ ఒక్కడి సొత్తు కాదు. ఎనిమిదో వంతు, పదహారో వంతు చొప్పున వాటాలు పంచుకునేవారు. ఓడకూ సరుకుకూ బీమా ఉండేది. సరుకంటే ఆఫ్రికాలో ఎక్కబోయే మనుషులతో కలిపే.

అట్లాంటిక్ బానిస వ్యాపారం గురించి మనకు ఇన్ని వివరాలు తెలియడానికి కారణం ఈ కాగితాలే. చరిత్రకారులు దాదాపు 36,000 ఓడ ప్రయాణాల రికార్డులను ఒకచోట చేర్చారు. వాటి ఆధారంగా కట్టిన అంచనా ప్రకారం, పదహారో శతాబ్దం మొదలు 1866 దాకా ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించినవారు సుమారు 1 కోటి 25 లక్షల మంది. అమెరికా ఖండాల్లో ప్రాణాలతో దిగినవారు 1 కోటి 7 లక్షలు. తక్కిన 18 లక్షల మంది దారిలోనే సముద్రం పాలయ్యారు. పట్టుబడిన ఊరి నుంచి తీరానికి నడిపించుకొచ్చే దారిలో, రేవుల దగ్గరి కొట్లలో చనిపోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లు ఇంకా ఓడ ఎక్కలేదు కాబట్టి వాళ్ల పేరిట పద్దు లేదు.

ఈ వ్యాపారానికి మొదలు చెప్పుకోవాలంటే 1444 ఆగస్టుకు, పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ పట్టణానికి వెళ్లాలి. పశ్చిమాఫ్రికా తీరం మీద దాడి చేసి పట్టుకొచ్చిన 235 మందిని ఊరి బయట మైదానంలో నిలబెట్టి పంచుకున్నారు. రాకుమారుడు హెన్రీ గుర్రం మీద కూర్చుని తన వంతు 46 మందిని తీసుకున్నాడు. తల్లుల నుంచి పిల్లల్ని, అన్నల నుంచి తమ్ముళ్లను విడదీస్తుంటే రేగిన ఏడుపుల్ని ఆస్థాన చరిత్రకారుడు జురారా రాసిపెట్టాడు. రాస్తూ తనకూ కన్నీళ్లొచ్చాయన్నాడు. అయినా వాళ్ల ఆత్మలకు మోక్షం దొరికింది కదా అని సమాధానం చెప్పుకున్నాడు. ఆ తర్వాత 1452లోనూ 1455లోనూ పోప్ ఐదో నికొలస్ ఇచ్చిన శాసనాలు ఆ సమాధానానికి మతం ముద్ర వేశాయి.

దాడి చేసి మనుషుల్ని ఎత్తుకురావడం ఎక్కువ కాలం సాగలేదు. తీరంలోని రాజ్యాలు బలమైనవి. వాళ్ల పడవలు, బాణాలు పోర్చుగీసులకు త్వరలోనే బుద్ధి చెప్పాయి. దాంతో కొనుగోలు మొదలైంది. నేటి ఘనాలో 1482లో కట్టిన ఎల్మినా కోట నిజానికి బంగారం కోసం కట్టింది. బెనిన్ వైపు నుంచి బందీలను తెచ్చి అక్కడి బంగారం వర్తకులకు అమ్మి, పోర్చుగీసులు బంగారం పట్టుకెళ్లేవారు. అంటే అమెరికా దారి తెలియకముందే ఆఫ్రికా తీరంలో రేవు నుంచి రేవుకు మనుషుల్ని బేరానికి తిప్పడం వాళ్లకు అలవాటైపోయింది.

దాన్ని మహాసముద్రం దాటించింది చెరకు.

అనకాపల్లి, ఉయ్యూరు రైతులకు తెలిసిన సంగతే: నరికిన గడను ఆలస్యం చేస్తే రసం పాడవుతుంది. కోత మొదలైందంటే గానుగ ఆగకూడదు, పొయ్యి ఆరకూడదు. మదీరా దీవిలో, ఆ తర్వాత ఆఫ్రికా పక్కనే ఉన్న సావో టోమే దీవిలో పోర్చుగీసులు ఈ పనిని బానిసల చేత రాత్రింబవళ్లు చేయించి చూశారు. లాభం కనిపించింది. అదే పద్ధతి బ్రెజిల్‌కు వెళ్లింది. 1640ల్లో ఇంగ్లీషువాళ్ల బార్బడోస్ దీవి పొగాకును వదిలి చెరకుకు మళ్లింది. ఆ వెనక జమైకా, ఫ్రెంచివాళ్ల సాన్ డొమాంగ్. అమెరికాల్లోని ఆదివాసులు యూరప్ నుంచి వచ్చిన రోగాలకూ వెట్టిచాకిరీకీ లక్షల్లో బలయ్యారు. స్పెయిన్‌కు ఆఫ్రికా తీరంలో సొంత స్థావరాలు లేవు. అందుకని 1518లో స్పెయిన్ రాజు, తర్వాత చక్రవర్తి అయిన ఐదో చార్లెస్ 4,000 మంది ఆఫ్రికన్లను నేరుగా అమెరికాకు తరలించే లైసెన్సును తన ఆస్థానంలోని ఓ పెద్దమనిషికి ఇచ్చాడు. ఆయన దాన్ని వర్తకులకు అమ్ముకున్నాడు. ఒక్క మనిషి కూడా ఓడ ఎక్కకముందే వాళ్ల మీద హక్కు చేతులు మారింది.

తర్వాతి రెండు శతాబ్దాల్లో స్పెయిన్ వలసలకు బానిసలను చేరవేసే ఈ కాంట్రాక్టు కోసం రాజ్యాలు పోటీ పడ్డాయి. 1713లో యుట్రెక్ట్ సంధి జరిగినప్పుడు దాన్ని బ్రిటన్ గెలుచుకుంది: ఏడాదికి 4,800 ‘పీసుల’ చొప్పున 30 ఏళ్లు. ఒంట్లో ఏ లోపమూ లేని వయసు మగవాడు ఒక పీసు. ఆడవాళ్లు, పిల్లలు, వయసు మళ్లినవాళ్లు అందులో భిన్నాలు. ఒక అంతర్జాతీయ సంధి పత్రానికి ఇదీ కొలత.

అవతల ఆఫ్రికాలో ఏం జరుగుతోంది? ‘ఆఫ్రికన్లే ఆఫ్రికన్లను అమ్ముకున్నారు కదా’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ కాలంలో అక్కడ ఎవరూ తమను ఆఫ్రికన్లమని అనుకోలేదు. ఎఫిక్‌లు, ఫాన్‌లు, అసాంటేలు, కాంగోవాళ్లు ఎవరి రాజ్యం వాళ్లది, ఎవరి భాష వాళ్లది. యుద్ధంలో ఓడినవాళ్లు, అప్పు తీర్చలేనివాళ్లు, నేరం మోపబడినవాళ్లు బానిసలయ్యే ఆచారం చాలాచోట్ల ముందే ఉంది. తీరంలో తరగని గిరాకీ తెరిచి, తుపాకులు చేతికిచ్చి, ఆ ఆచారాన్నే బతుకుతెరువుగా మార్చింది మాత్రం ఓడల మీద వచ్చినవాళ్లు.

దీన్ని ముందుగా గుర్తించినవాళ్లలో ఒక రాజున్నాడు. క్రైస్తవం తీసుకుని, పోర్చుగీసు రాజును సోదరుడిగా సంబోధించిన కాంగో పాలకుడు మొదటి అఫోన్సో 1526లో లిస్బన్‌కు ఫిర్యాదు రాశాడు. వర్తకులు తెచ్చే సరుకుల మీద మోజుతో తన మనుషులే స్వేచ్ఛగా పుట్టినవాళ్లను, చివరికి తన బంధువులను కూడా ఎత్తుకుపోయి అమ్ముతున్నారని, దేశం ఖాళీ అయిపోతోందని వాపోయాడు. తమకు కావలసింది పూజారులు, బడిపంతుళ్లు, పూజకు ద్రాక్షసారా, పిండి మాత్రమేనన్నాడు. ఆయన కూడా యుద్ధ బందీల అమ్మకాన్ని పూర్తిగా ఆపలేదు. తన పౌరులు అందులో చిక్కుకోకుండా, అమ్ముడైనవాళ్లను తనిఖీ చేయడానికి అధికారులను పెట్టాడు. ఆ అడ్డుకట్ట నిలవలేదు. శతాబ్దం తిరిగేసరికి ఆ దక్షిణ తీరంలో లువాండా బానిసల మహారేవుగా ఎదిగింది.

నేటి నైజీరియాలోని ఓల్డ్ కలబార్ మరో రకం ఊరు. అక్కడ యూరపువాళ్ల కోట లేదు. ఎఫిక్ వర్తకులే రేవుకు దొరలు. ఓడ రాగానే రేవు సుంకం కట్టాలి. ఆ తర్వాత కెప్టెన్ తన సరుకును వర్తకులకు అరువు ఇస్తాడు. వాళ్లు పెద్ద పడవల్లో నది మీదుగా లోపలికి వెళ్లి, నెలల తరబడి సంతల్లో మనుషుల్ని కొని తెస్తారు. అరువుకు హామీ ఏమిటి? వర్తకుడి బంధువులనే ఓడలో తాకట్టు ఉంచేవారు. గడువులోగా బాకీ తీరకపోతే ఓడ వాళ్లతోనే బయల్దేరిపోయేది. అంటెరా డ్యూక్ అనే ఎఫిక్ పెద్ద 1785 నుంచి 1788 దాకా తమ రేవులో వాడే ఇంగ్లీషులో దినచర్య రాసుకున్నాడు. ఏ ఓడ ఎంతమందితో వెళ్లింది, ఏ కెప్టెన్ విందుకొచ్చాడు, ఎవరి బాకీ ఎంత అనేవి పక్కపక్కనే ఉంటాయందులో. అమ్మేవాడి వైపు నుంచి ఆ కాలంలోనే రాసిన ఇలాంటి దినచర్య దొరకడం చాలా అరుదు.

అమ్మేవాళ్లకూ భద్రత లేదని 1767లో అదే ఊళ్లో తేలింది. రెండు ఎఫిక్ పేటల మధ్య తగువు తీరుస్తామని ఇంగ్లీషు కెప్టెన్లు ఒక పేట పెద్దలను ఓడల మీదకు పిలిచి, రెండో పేటవాళ్లతో కుమ్మక్కై వందల మందిని చంపించారు. పాలక కుటుంబానికి చెందిన ఇద్దరు యువకులను బంధించి కరీబియన్‌లోని డొమినికాలో అమ్మేశారు. ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చిన ఆ ఇద్దరూ తప్పించుకుని, వర్జీనియా మీదుగా బ్రిస్టల్ చేరి, కోర్టుకెక్కి, ఏడేళ్ల తర్వాత ఇల్లు చేరారు. వాళ్లతో పాటు అదే దారిన వెళ్లిన మిగతావాళ్లకు బ్రిస్టల్‌లో తెలిసినవాళ్లు లేరు.

ఇక ధర సంగతి. మనిషిని కొనడానికి తుపాకులూ సారాయీ ఇచ్చారని సాధారణంగా అనుకుంటాం. చిట్టాలు చూస్తే ముందుండేది బట్ట. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి పశ్చిమాఫ్రికాకు వెళ్లిన సరుకు విలువలో సగం దాకా బట్టలదే. అందులో పెద్ద వాటా భారతదేశంలో నేసిన నూలుబట్టది. గుజరాత్, బెంగాల్, కోరమాండల్ తీరం మూడూ అందులో ఉన్నాయి. నీలిమందులో ముంచిన తానులు, గళ్లబట్టలు, చారలబట్టలు ఆఫ్రికా కొనుగోలుదారులకు బాగా ఇష్టం. ఆ రేవుల్లో ఏ రంగు, ఏ గడి చెల్లుతుందో తెలియని కెప్టెన్ ఖాళీ ఓడతో నెలల తరబడి కూర్చోవాల్సిందే. నకలు బట్ట చూపిస్తే ఆఫ్రికా వర్తకులు వాసన పట్టేవారు, రంగు రుద్ది చూసేవారు.

కృష్ణా గోదావరి తీరానికి దీనితో ఉన్న సంబంధం ఊహ కాదు. మచిలీపట్నంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పదిహేడో శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే స్థావరాలు పెట్టారు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలో డచ్చివాళ్లకు, మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లకు గిడ్డంగులుండేవి. దళారీ ద్వారా నేతగాళ్లకు బయానా ముట్టేది. వాళ్లు నేసిన తానులు యూరప్ చేరేవి. ఇంగ్లండులో గొర్రె బొచ్చు, పట్టు నేతవాళ్ల గొడవతో 1700లో పార్లమెంటు అద్దకపు నూలుబట్టలను స్వదేశంలో వాడకుండా నిషేధించింది. తిరిగి ఎగుమతి చేయడాన్ని మాత్రం అడ్డుకోలేదు. అలా లండన్ వేలంలో అమ్ముడైన భారతీయ బట్ట బానిస ఓడలకు ఎక్కేది. ఒక సాలె ఇంటి మగ్గం మీద దిగిన తాను ఏ దేశంలో ఎవరి మెడకు వెల కట్టిందో ఆ ఇంటివాళ్లకు తెలిసే దారి లేదు. వాళ్ల చేతికొచ్చింది బయానా డబ్బే. అందులోనూ దళారీ కోత. అయినా ఈ వ్యాపారం ఎంత దూరం చేతులు చాచిందో తెలియాలంటే ఆ మగ్గాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాంచెస్టర్ మిల్లులు మొదట నేర్చుకున్న పాఠాల్లో ఒకటి ఆఫ్రికా రేవుల కోసం ఈ గళ్లబట్టలకు నకళ్లు తీయడం.

ఓడ లోపలి సంగతి చెప్పడానికి ‘బ్రూక్స్’ ఒకటి చాలు. లివర్‌పూల్‌కు చెందిన ఈ ఓడ పటాన్ని 1788 చివర ప్లిమత్‌లోని బానిస వ్యాపార వ్యతిరేక ఉద్యమకారులు అచ్చువేశారు. మగవాడికి 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు జాగా. బానిస ఓడల్లో రద్దీ తగ్గించడానికి అదే ఏడాది వచ్చిన చట్టం ప్రకారం ఇందులో 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు ఒక ప్రయాణంలో ఆ ఓడ 609 మందిని తీసుకెళ్లింది. బానిస ఓడల్లో డాక్టరుగా పనిచేసి, ఆ పని మీద అసహ్యం పుట్టి వదిలేసిన అలెగ్జాండర్ ఫాల్కన్‌బ్రిడ్జ్ రాసిన ప్రకారం, రక్త విరేచనాలు ప్రబలినప్పుడు లోపలి అరల నేల రక్తంతో, జిగటతో నిండిపోయేది. తిననని మొండికేసినవాళ్ల నోళ్లు తెరవడానికి ఇనుప మరలు వాడేవారు. సముద్రంలోకి దూకకుండా ఓడ చుట్టూ వలలు కట్టేవారు. పదింట ఒక ఓడలో బందీలు తిరగబడ్డారు. ఆ భయంతోనే ఓడ యజమానులు మామూలు సరుకు ఓడకంటే ఎక్కువమంది నావికులను, ఫిరంగులను పెట్టుకున్నారు, డెక్కు మీద అడ్డుగోడలు కట్టించారు. ఆ ఖర్చే లేకపోతే వాళ్లు ఇంకా ఎన్ని లక్షల మందిని తరలించేవారో.

‘జాంగ్’ అనే ఓడ విషయం తీరిగ్గా చెప్పుకోవాలి. 1781 ఆగస్టులో ఆ ఓడ 442 మందితో అక్రా నుంచి బయల్దేరింది. మోయగలిగిన దానికి దాదాపు రెట్టింపు మంది. లివర్‌పూల్ వర్తకుడు విలియం గ్రెగ్సన్ బృందం దానికి యజమానులు. కెప్టెన్ లూక్ కాలింగ్‌వుడ్ అంతవరకూ ఓడ డాక్టరు. కెప్టెన్‌గా అదే మొదటి ప్రయాణం. నవంబరు చివర జమైకా కనిపించింది. అది వేరే దీవి అనుకుని దాటిపోయారు. నీళ్లు తక్కువ పడుతున్నాయన్నారు. ఓడలో రోగంతో చనిపోయిన బందీకి బీమా రాదు. ఓడను, మిగతా సరుకును కాపాడుకోవడానికి కొంత సరుకును సముద్రంలో పారేస్తే మాత్రం వస్తుంది. తలకు 30 పౌండ్లు. నవంబరు 29న మొదలుపెట్టి, మూడు విడతలుగా సుమారు 130 మందిని ప్రాణాలతో సముద్రంలోకి తోసేశారు. మొదటి విడత 54 మంది, ఆడవాళ్లూ పిల్లలూ. నడుమ వాన కురిసి నీళ్లు పట్టుకున్నారు కూడా. డిసెంబరు 22న జమైకా చేరేసరికి ఓడలో ఇంకా 400 గ్యాలన్లకు పైగా నీళ్లున్నాయి.

బీమా కంపెనీవాళ్లు డబ్బు ఇచ్చేది లేదన్నారు. యజమానులు దావా వేశారు. 1783 మార్చిలో జ్యూరీ యజమానుల పక్షాన తీర్పిచ్చింది. మే నెలలో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందు విచారణ జరిగినప్పుడు, చట్టం దృష్టిలో ఇది గుర్రాలను సముద్రంలో పారేసిన కేసు లాంటిదేనని జ్యూరీ భావించిందని ఆయన చెప్పాడు. నీళ్ల లెక్క బయటపడ్డాక మళ్లీ విచారించాలని ఆదేశించాడు. ఆ రెండో విచారణ జరిగినట్టు ఏ దాఖలా లేదు. బానిసత్వం నుంచి బయటపడి లండన్‌లో ఉంటున్న ఒలాడా ఈక్వియానో ఈ వార్తను బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు గ్రాన్‌విల్ షార్ప్ దగ్గరకు మోసుకెళ్లాడు. షార్ప్ హత్యానేరం మోపించాలని ఎంత తిరిగినా, ఎవరి మీదా కేసు పెట్టలేదు. కోర్టు కాగితాల్లో మొదటి నుంచి చివరి దాకా నడిచింది నష్టపరిహారం వాదమే.

పాఠ్యపుస్తకాలు ఈ వ్యాపారాన్ని మూడు కోణాల పటంగా గీస్తాయి: యూరప్ నుంచి సరుకు, ఆఫ్రికా నుంచి మనుషులు, అమెరికా నుంచి చక్కెర. అన్ని దేశాల్లోకీ ఎక్కువమందిని తెచ్చుకున్న బ్రెజిల్‌కు ఆ పటం సరిగా అతకదు. రియో, సాల్వడార్ రేవుల నుంచే ఓడలు నేరుగా ఆఫ్రికాకు వెళ్లి తిరిగొచ్చేవి. చెరకు సారా, బెల్లపు పాకం పట్టించిన చవకరకం పొగాకు, గోవా మీదుగా వచ్చిన భారతీయ బట్టలు వాటి సరుకు. బ్రెజిల్‌లో దిగినవారు 48 లక్షలకు పైనే. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోకి నేరుగా వచ్చినవారు 4 లక్షల లోపు. రియోలోని వలోంగో రేవు రాళ్లు 2011లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ ఒక్క చోటే సుమారు 9 లక్షల మంది దిగారని అంచనా. 2017లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది.

బ్రిటన్ 1807లో ఈ వ్యాపారాన్ని నిషేధించింది. దాని వెనక ఉద్యమం ఉంది. థామస్ క్లార్క్‌సన్ రేవు రేవు తిరిగి నావికుల సాక్ష్యాలు, సంకెళ్లు పోగుచేశాడు. వేలాది ఇళ్లలో నిరసనగా చక్కెర మానేశారు. కానీ 1791 ఆగస్టులో సాన్ డొమాంగ్ చెరకు తోటల్లో తిరుగుబాటు లేవదీసి, 1804లో హైతీ అనే స్వతంత్ర దేశాన్ని నిలబెట్టిన బానిసలను పక్కన పెట్టి ఈ కథ చెబితే అది సగం కథే. ఆ దేశం తన స్వేచ్ఛకు వెల కూడా కట్టాల్సొచ్చింది: 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను పంపి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం రాయించుకుంది.

బ్రిటన్ కూడా పరిహారం చెల్లించింది, యజమానులకు. బానిసత్వాన్నే రద్దు చేసిన 1833 చట్టం వాళ్లకు 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అప్పటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో అది 40 శాతం. అందుకోసం చేసిన అప్పు తాలూకు బాండ్లు పూర్తిగా తీరింది 2015లో. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను ఆ చట్టం నుంచి మినహాయించారు. బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పరిహారం భారీగా అందుకున్నవాళ్లలో ఒకడు జాన్ గ్లాడ్‌స్టన్, తర్వాతి కాలపు ప్రధానమంత్రికి తండ్రి. బ్రిటిష్ గయానాలోని తన తోటలకు కొత్త కూలీలు కావాలని కలకత్తాకు రాసి, 1838లో రెండు ఓడల్లో ఒప్పంద కూలీలను తెప్పించింది కూడా ఆయనే. ఆ దారిలోనే తెలుగువాళ్లూ వెళ్లారు. కోరంగి రేవు నుంచి మారిషస్ చేరినవాళ్లకు అక్కడ కోరంగీలని పేరు పడింది. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రురో ఓడలోని 342 మందిలో తెలుగువాళ్లున్నారు. వాళ్లను పిలిపించిందీ చెరకు తోటలే. ఒప్పందానికి గడువుంది, కూలి ఉంది, తిరుగు ప్రయాణం ఉంది కాబట్టి అది బానిసత్వం కాదు. ఆ తేడాను చెరిపేయడం ఓడ అడుగున చనిపోయినవాళ్లకు అన్యాయం.

1807 నిషేధం తర్వాత కూడా బానిస ఓడలు దాదాపు ఆరు దశాబ్దాలు నడిచాయి. బ్రిటిష్ నౌకాదళం పట్టుకున్న ఓడలను ఫ్రీటౌన్, హవానాల్లోని కోర్టుల ముందు పెట్టేవారు. విడిపించినవాళ్ల పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు గుమాస్తాలు రిజిస్టర్లలో రాసుకునేవారు. అంతకుముందు మూడు వందల ఏళ్ల ఓడ చిట్టాల్లో బందీలకు అంకెలే తప్ప పేర్లు దాదాపుగా లేవు. ఆ రిజిస్టర్ల నుంచి 91,000కు పైగా పేర్లను చరిత్రకారులు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంగ్లీషు, స్పానిష్ గుమాస్తాలు విన్నది విన్నట్టు రాసుకున్న పేర్లవి. నైజీరియా నుంచి అంగోలా దాకా ఆ భాషలు మాట్లాడేవాళ్లు వాటి ఉచ్చారణ విని, ఏ పేరు ఏ భాషదో, ఏ ప్రాంతానిదో గుర్తిస్తూ వచ్చారు.